ఇంగ్లీషు తోటలో గోరింట కంచె

నాకు ఏదైనా తెలియకపోతే అన్నం సహించదు. పక్కింటివాళ్లు తలుపెందుకు మార్చారు, బస్సు ఈ వీధిలోకి ఎందుకు తిరిగింది, ఆ చెట్టు పేరేమిటి, ఎవరు నాటారు, ఇవన్నీ నాకు కావాలి. మా ఆయన జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో గోడౌన్ ఉద్యోగం చేసి, పొద్దంతా పెట్టెల మీది చీటీలు చదివి చదివి ఇంటికొచ్చేవాడు. కాళ్లు కడుక్కునేలోపే నా ప్రశ్నలు మొదలయ్యేవి. నిన్ను సీఐడీలో వేయాల్సింది, పొరపాటున నాకిచ్చి చేశారు అనేవాడు. ఈ రోగమే నన్ను ఆ పాత ఇంగ్లీషు తోటలోకి కూడా తోసింది.

మాది కడప. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. దుబాయ్ వచ్చాక ఆఫీసులో ఇంగ్లీషు, నాలుగు అరబ్బీ ముక్కలు పట్టుబడ్డాయి. మేముండేది షార్జాలో అయినా మా ఊళ్లో సముద్రం దాటినవాళ్లందరూ దుబాయ్‌లో ఉన్నట్టే లెక్క. ఇండస్ట్రియల్ ఏరియాలో గ్యారేజీల మధ్య తోటలు వేసే కంపెనీ ఒకటుండేది. అక్కడ ఫోన్లెత్తడం, మొక్కలకు ఆర్డర్లివ్వడం, సజ్జా క్యాంపు నుంచి పనివాళ్లను తెచ్చే బస్సు ఆ రోజు ఎక్కడికి పోవాలో చెప్పడం నా పని. పనివాళ్లలో చాలామంది జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్లు. అందుకే ఏ గొడవొచ్చినా మా ముదీర్ నన్నే ముందుకు తోసేవాడు. మేనేజర్‌ను అక్కడ అందరం ముదీర్ అనే పిలుస్తాం.

రెండువేల ఐదు మొదట్లో ఒక అరబ్బు పెద్దమనిషి మా ఆఫీసుకు వచ్చాడు. పాదాలదాకా తెల్లటి అంగీ, కందూరా, మర్యాదైన మాట, చేతిలో ఒక పాత ఫోటో. షార్జా దాటి ఉత్తరంగా పోతే సముద్రపు పాయ ఒడ్డున వాళ్లకొక పాత బంగళా ఉంది. ఈ ఎమిరేట్లన్నీ ఒక దేశం కాకముందు, నీళ్లకోసం బోర్లు వేయించడానికి వచ్చిన ఇంగ్లీషు ఇంజినీరు ఒకాయన అందులో ఉండేవాడట. స్థలం ఈ పెద్దమనిషి తండ్రిది. ఇంజినీరు భార్య, ఆ దొరసాని, తన దేశపు పల్లెల్లో పెద్ద బంగళాల ముందుండే తోటలాంటిదే ఇక్కడి ఇసుకలో వేసుకుంది. వాళ్లు వెళ్లిపోయాక వీళ్ల కుటుంబం ఆ ఇంట్లోకి మారింది. కొన్నాళ్లకు బావి ఉప్పెక్కింది, తోట ఎండిపోయింది. ఇప్పుడాయనకు ఆ తోట ఫోటోలో ఉన్నదున్నట్టు మళ్లీ కావాలి. వచ్చే చలికాలం అతిథులను పిలిచి చూపించుకోవాలని ముచ్చటపడుతున్నాడు.

ఫోటో నలుపు తెలుపుది. వెనక బంగళా, ముందు గవ్వలు అంచుగా పేర్చిన బాట. బాటకు రెండు వైపులా మోకాలెత్తున, దారం పట్టి కోసినంత తిన్నగా ఒక కంచె. కంచె వెనక గులాబీలు. బాట మధ్య టోపీ పెట్టుకొని, ఎండకు కళ్లు చికిలించుకున్న దొరసాని. ముదీర్ దాన్ని ఒకసారి చూసి పక్కన పెట్టేశాడు, నేను మాత్రం భోజనం గంటంతా దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఇసుకలో గులాబీలకు నీళ్లెవరు పోశారు, ఆ గవ్వలు ఎవరు ఏరారు, ఫోటో ఎవరు తీశారు. నా బుర్ర ఊరుకోదుగా.

పాత తోటలను బాగుచేయడమే వృత్తిగా ఉన్న ఒక ఇంగ్లీషాయనను పెద్దమనిషి వాళ్ల దేశం నుంచి పిలిపించాడు. పొడుగ్గా, ఎండకు ఉడికిన మొహంతో, ఎప్పుడూ మోకాళ్ల మీదే ఉండేవాడు. ఆయన ఇంగ్లీషు మా పనివాళ్లకు అర్థం కాదు, మా వాళ్ల తెలుగు ఆయనకు అర్థం కాదు కాబట్టి నన్ను వారంలో సగం రోజులు అక్కడికే పంపారు. నాకు పండగే.

వాళ్ల దేశంలో ఇలాంటి తోటలు ఎలా పోయాయో, ఎలా తిరిగొచ్చాయో ఆయన పని చేస్తూనే చెప్పేవాడు. యుద్ధాలకు తోటమాలులు పోయారు, చాలామంది తిరిగి రాలేదు, బంగళాల తోటలు ముళ్లకంపలైపోయాయి. తర్వాత ఎవరికో బుద్ధి పుట్టి వెతకడం మొదలుపెట్టారు. ఎండలు ముదిరిన ఏడాది పచ్చిక బయలు మీద గీతలు తేలతాయట. కింద రాతి బాట ఉన్నచోట గడ్డి ముందే మాడుతుంది, ఒకప్పుడు పూలమడి ఉన్నచోట ఇంకా పచ్చగా ఉంటుంది. పోయిన తోట తానే తన పటం గీసి చూపిస్తుందని ఆయన చెబుతుంటే నేను నోరు తెరుచుకుని విన్నాను. అన్నిటికంటే కష్టమైన ప్రశ్న తవ్వడంలో లేదని కూడా అన్నాడు. ఒక తోటను తాత ఒకలా వేస్తాడు, మనవడు ఇంకోలా మారుస్తాడు. మనం ఎవరి తోటను వెనక్కి తేవాలి? ఒకరిది తేవాలంటే తర్వాత వచ్చినవాళ్లది పీకేయాలి.

ఇక్కడ ఆ ప్రశ్నకు పెద్దమనిషి ముందే జవాబు చెప్పేశాడు: ఫోటోలో ఉన్నది కావాలి, లేనిది పోవాలి. అక్కడ పోవలసినది ఒక్కటే ఉంది, గోరింట. ఆ ఆవరణ మొత్తం మీద బతికున్న పచ్చదనం అదే. మనిషెత్తు దాటి, అడ్డదిడ్డంగా పెరిగి, బాట మీదికి కమ్ముకొని, లోపలికి పోతే దారి దొరకనంత గుబురు. సన్నటి పూత మీద ఉంది, వాసన గేటు దగ్గరికే కొట్టేది. మా వైపు పొలాల గట్ల మీద గోరింట ఉంటుంది, ఆ వాసన తగలగానే నాకు ఊరు గుర్తొచ్చింది. అదంతా తన తల్లి తర్వాత పెట్టుకున్నదని, తన చిన్నప్పటినుంచీ ఆమె అందులో దూరి ఆకు కోస్తూనే ఉండేదని పెద్దమనిషి చెప్పాడు. ఇంగ్లీషాయన ఫోటోలోని కంచె ఏ మొక్కో తేల్చుకోలేక, వాళ్ల దేశంలో అలా కత్తిరించే కంచెమొక్కనే ఆర్డరు పెట్టమన్నాడు. అవి ఓడ మీద ఎండాకాలం తర్వాత వస్తాయి. ఈలోగా గోరింట తీసేసి నేల సిద్ధం చేయాలి.

తల్లి ఇంకా ఆ ఇంట్లోనే ఉంది. పరాయి మగవాళ్ల ఎదుటికి రాదు. దొరసాని కాలంలో ఏ మూల ఏముండేదో ఆమెకు గుర్తుంటుందేమో అడిగి రమ్మని నన్ను లోపలికి పంపారు. ముక్కు మీద పాతకాలపు మెరిసే ముసుగుతో, కిటికీ పక్కన పరుపు మీద కూర్చొని, తోటలో జరిగేదంతా జాలీలోంచి చూస్తోంది. ఆమె తండ్రి పడవ వ్యాపారానికి బొంబాయి తిరిగినవాడట, అందుకని ఆమెకు ఒకరకం బొంబాయి హిందీ వచ్చు. నేను ఖాలా, పిన్నీ, అన్నాను, ఆమె బిన్తీ, కూతురా, అంది. ముందు నా సంగతులన్నీ లాగింది. ఎవరి పిల్లను, మొగుడేం చేస్తాడు, ఇంత బక్కగా ఎందుకున్నాను, ఇంట్లో వండుకోమా. నా మందు నాకే వేసినట్టయింది.

తర్వాత అడిగినవాటికి చక్కగా చెప్పింది. గులాబీలు ఒక చలికాలం పూసి ఎండకు మాడిపోయేవని, దొరసాని మళ్లీ తెప్పించేదని, గవ్వలు ఆ వాడలోని పిల్లలే ఏరి తెచ్చేవాళ్లని, మేకలు తోటలో పడితే దొరసాని టోపీ విసిరి కొట్టేదని చెప్పి నవ్వింది. ఆ రోజుల్లో ఈమె కుటుంబం బంగళా వెనక ఖర్జూరపు మట్టల ఇంట్లో ఉండేది, ఈమె కొత్తకోడలు. అంతా బాగుంది. బాట పక్క కంచె ఏం మొక్క ఖాలా అని అడిగాను. ఆమె మొహం గోడైపోయింది.

“ఫోటో ఉందిగా. దాన్నే అడగండి,” అంది.

ఎంత బతిమాలినా అంతే. టీ తాగి వెళ్లమంది. బయటికొస్తుంటే మనవరాలు, పెద్దమనిషి కూతురు, నన్ను వాకిట్లో ఆపి అసలు సంగతి చెప్పింది. వచ్చే చలికాలం ఆ పిల్లకు పెళ్లి. ఆ ఇంటి ఆడపిల్లలకే కాదు, ఆ వాడలో ఏ పిల్ల పెళ్లికూతురైనా చేతులకు గోరింట పెట్టే హిన్నా రాత్రికి ఆకు ఆ పొదలోంచే వెళ్లేది. నీ చేతులకు కూడా దీన్నే నూరిపెడతానని నానమ్మ ఆ పిల్ల పుట్టినప్పటినుంచీ చెబుతోంది. పొద తీసేస్తున్నారని తెలిసి ఆమె కొడుకును వద్దని ఒక్క మాట కూడా అనలేదు, అతనితో మాట్లాడటం మానేసింది. కొడుకు దానికి బాధపడుతూనే, హిన్నా పొడి బజార్లో కావలసినంత దొరుకుతుంది కదా అంటున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఫోటో మీద ఉన్న భక్తి తల్లి మీద లేదే అనిపించింది, కానీ మనం జీతానికి పనిచేసేవాళ్లం, నోరు మూసుకున్నాను.

పొద తీసే రోజు వచ్చింది. మా పనివాళ్లలో పెద్దవాడు జగిత్యాల వైపు పల్లె నుంచి వచ్చినాయన. నేను మామా అంటాను, ఆయన నన్ను బిడ్డా అంటాడు. వేళ్లు మూరెడు లోతున మిగిలినా కొత్త మొక్కల తిండి తినేస్తాయి, మొదలంటా తవ్వి తీయమని ఇంగ్లీషాయన చెప్పాడు. నేను తెలుగులో ఒకటికి రెండుసార్లు చెప్పాను. మామ తలూపాడు. సాయంత్రానికి పొదంతా లారీ ఎక్కింది, నేల సాపైంది, పైన ఉప్పులేని కొత్త మట్టి పరిచారు. అయిపోయిందా మామా అంటే ఖలాస్ అన్నాడు. కిటికీ జాలీ వెనక ఎవరూ కనబడలేదు. ఆ రోజు లోపలికి వెళ్లడానికి నాకు మొహం చెల్లలేదు.

ఎండలు ముదిరాక ఇంగ్లీషాయన వాళ్ల దేశం వెళ్లిపోయాడు. మావాళ్లు కొందరు అక్కడే ఉండి నీళ్ల గొట్టాలు వేస్తున్నారు. వేసిన గొట్టాల్లోంచి నీళ్లు వదిలి, కారుతున్నాయేమో చూసుకోవడం, మళ్లీ బిగించడం. ఒకరోజు నేను వెళ్లేసరికి మామ ఒక్కడే బాట పక్కన వంగి ఏదో గిల్లి జేబులో వేసుకుంటున్నాడు. నన్ను చూసి నిలబడి, ఆకాశం వంక చూశాడు.

కింద చూస్తే కొత్త మట్టిలోంచి ఎర్రగా, లేతగా గోరింట చిగుళ్లు. ఒకచోట రెండుచోట్ల కాదు.

“మామా, ఏర్లు తీయలేదా?”

“గోరింట ఏర్లు ఎవలన్న తవ్వుతరా బిడ్డా? మా దిక్కు గట్టు మీద గోరింట ముదిరితే నేలకు కొట్టేస్తం. గంతే. ఏరు దీసుడు మా తాతల కాలంల లేదు.”

“ఇక్కడ తీయమని చెప్పారు గదా!”

“చెప్పిన్రు. ఎండల గంత లోతు తవ్వాల్నని మాకూ అనిపియ్యలే. ఇగ మొలుస్తున్నయి. రోజు పొద్దుగాల్నే గిల్లుతున్న, ముదీర్‌కు తెల్వకుంట.”

నాకు కోపం, నవ్వు ఒకేసారి వచ్చాయి. వాళ్ల ఊళ్లో గోరింటను ఎలా కొడతారో ఇక్కడా అలాగే కొట్టారు, అందరూ కలిసి, ఒక్కడికీ అనుమానం రాకుండా. ముదీర్‌కు తెలిస్తే మామను సాయంత్రానికి క్యాంపులో కూర్చోబెడతాడు. ఏం చేయాలో తోచక నిలబడి ఉండగానే లోపలినుంచి పనిపిల్ల వచ్చి, ఖాలా పిలుస్తోందంది.

ఆమె పరుపు మీద లేదు. కిటికీ జాలీ పట్టుకొని నిలబడి ఉంది. ఆ మనిషెవరు, రోజూ పొద్దున్నే వచ్చి నా హిన్నాను గిల్లుతున్నాడెందుకు అని అడిగింది. దాచి ఏం లాభం, జరిగిందంతా చెప్పేశాను. వెంటనే ఆపమని చెబుతాను ఖాలా అన్నాను. ఆమె నా చెయ్యి పట్టి ఆపింది. ముసుగు పైన కళ్లు చిన్నపిల్ల కళ్లలా మెరుస్తున్నాయి.

“ఆపకు. గిల్లనీ. చిగురు తుంచిన చోట రెండు కొమ్మలు పుడతాయి. నాకు కావలసిన పనే చేస్తున్నాడు పిచ్చివాడు.”

ఆ సంతోషంలోనే ఆమె నోరు విప్పింది. ఫోటోలో ఉన్న ఆ తిన్నటి కంచె గోరింటేనట. దొరసాని ముందు వాళ్ల దేశపు కంచెమొక్కలు ఓడలో తెప్పించింది. ఒక ఎండాకాలానికే అన్నీ కట్టెలైపోయాయి. ఆవిడ బాట మీద కూర్చొని ఏడుస్తుంటే మట్టల ఇంట్లోంచి ఈమె చూసింది. మాట రాదు, భాష లేదు. మర్నాడు లోపలి ఎడారిలో నీళ్లున్న ధైద్ ఊళ్లో తన పుట్టింటివాళ్ల తోట నుంచి గోరింట కొమ్మలు తెప్పించి, తడిగుడ్డలో చుట్టి, బాటకు రెండు వైపులా తన చేత్తో గుచ్చింది. అన్నీ పట్టాయి. దొరసానికి గీత కావాలి, కత్తెర పట్టుకొని మోకాలెత్తు దాటనిచ్చేది కాదు. పూత రాకముందే కోసేస్తోందని ఈమెకు కోపం వచ్చేదట, కానీ కోసిన ఆకంతా వెనక ఈమె కొంగులోకే వచ్చేది. దాంతోనే ఆ వాడలో పెళ్లికూతుళ్లకు చేతులు ఎర్రబడేవి. దొరసాని వెళ్లిపోయాక ఈమె కత్తెర పట్టలేదు. కంచె పొదైంది.

నేను కూర్చున్నచోటే ఎగిరిపడ్డంత పని చేశాను. ఈ ఒక్క మాట మొదట్లోనే చెప్పుంటే మీ అబ్బాయి దాన్ని ముట్టుకునేవాడే కాదు కదా, ఇప్పుడే వెళ్లి చెబుతానన్నాను.

“చెప్పావంటే నా గుమ్మం తొక్కకు,” అంది. “మేమ్‌సాబ్ కంచె అని తెలిస్తే నెత్తిన పెట్టుకుంటాడు. అమ్మ పెట్టిందనుకుంటే లారీ ఎక్కించాడు. ఆవిడ పేరు చెప్పి నా చెట్టును నేను కాపాడుకోవాలా? బతికితే నాదిగా బతకనీ.”

అంత రోషం ఉన్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. మనవరాలి పెళ్లికి ఆకు దొరకదన్న బెంగ ఆమెను లోపల తినేస్తోంది, అయినా దొరసాని పేరును అరువు తెచ్చుకోదు. ఆ సంగతి మా ఆయనకు కూడా చెప్పకుండా కడుపులో పెట్టుకున్నాను. రాత్రి అన్నం దగ్గర ప్రశ్నలు లేవు, కబుర్లు లేవు. ఆయన నాకు జ్వరమొచ్చిందేమోనని నుదుటి మీద చెయ్యేసి చూశాడు.

ఎండాకాలమంతా మామ గిల్లుతూనే ఉన్నాడు, గోరింట గుబురు కడుతూనే ఉంది. మధ్యాహ్నపు ఎండలో పని ఆపేయాలని ఆ ఏడాది ప్రభుత్వం గట్టిగా చెప్పడంతో మామకు సమయం చాలలేదు. వానలు లేని ఆ దేశంలో గొట్టాల నీళ్లు తాగి అది పంతం పట్టినట్టు పెరిగింది. ఆఖరుకు ఆయన చేతులెత్తేశాడు. నా నౌకరి ఇగ దీని చేతుల్నే ఉన్నది బిడ్డా అనేవాడు. ఖాలా కిటికీలోంచి చూసి నవ్వుకునేది, నాకు ఖర్జూరాలు పెట్టేది. మధ్యలో నేను నలిగిపోయాను. ఇంగ్లీషాయన వచ్చి, మిగిలిన వేళ్లు ఇప్పుడైనా తవ్వండి అంటే ఆమె దాచుకున్న పెళ్లి ఆకు పోతుంది.

అక్టోబరులో ఆయన రానే వచ్చాడు. మామ గేటు పక్కన చేతులు కట్టుకొని నిలబడ్డాడు. ఇంగ్లీషాయన నేల వంక చూశాడు, కోపంగా నా వంక తిరిగాడు, మళ్లీ నేల వంక చూశాడు. సాపు చేసిన మట్టి మీద, బాటకు అటొకటి ఇటొకటి, రెండు పచ్చటి గీతలు. మామ గిల్లుడు పుణ్యమా అని మోకాలెత్తున, సమానంగా ఉన్నాయి. ఆయన కోపం ఏమైందో, బొక్కబోర్లా పడుకొని గవ్వల అంచుకు, మొదళ్లకు మధ్య దూరం కొలిచాడు. ఫోటో తెప్పించాడు. పెద్ద పొదగా ఉన్నప్పుడు ఈ వరస కనబడనే లేదు, నేను గుడ్డివాణ్ని అని పైకే అనుకున్నాడు. చిన్నపిల్లాడిలా సంతోషపడిపోయి పెద్దమనిషికి ఫోన్ చేశాడు. దొరసాని కంచె బతికే ఉంది, మీ తల్లి పెట్టింది కాదు, ఇది అసలుది అన్నాడు. ఆ మాట విని నాకు నాలుక కొరుక్కోవాలనిపించింది.

పెద్దమనిషి కారు దిగి, చెప్పులు వాకిట్లో వదిలి, నేరుగా తల్లి గదిలోకి వచ్చాడు. నేను ఆమె పక్కనే ఉన్నాను. అప్పటికి వాళ్ల అరబ్బీ నాకు అర్థమవుతోంది. ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చొని, శుభవార్త అమ్మా, అది దొరసానిదేనట, ఇక ఎవరూ ముట్టుకోరు, నీ మనవరాలి పెళ్లికి నీ ఆకు నీకుంటుంది అన్నాడు. ఎన్ని నెలలకో తల్లి మొహం చూసి మాట్లాడుతున్నానన్న ఆనందం అతని గొంతులో తెలుస్తూనే ఉంది.

ఆమె నా వైపు తిరిగి హిందీలో అంది: “బిన్తీ, ఆ జగిత్యాల మనిషిని పిలువు. ఈసారి వేళ్లతో తీయమను.”

అతను బిత్తరపోయాడు. ఏమైందమ్మా, నీకోసమే కదా అన్నాడు.

“నాకోసమా?” ఆమె గొంతు పెద్దది చేయలేదు. “ఆ ఫోటోను ఇంటికొచ్చిన ప్రతివాడికీ చూపించావు. దాన్ని తీసిన రోజు నేనెక్కడున్నానో ఒక్కసారైనా అడిగావా? ఆ కంచె వెనకే కూర్చున్నాను. ఫోటోలో పడకూడదని తల వంచుకొని, రాలిన ఆకు ఏరుకుంటున్నాను. నువ్వు నా కడుపులో ఉన్నావు. ఆ కొమ్మలు గుచ్చింది ఈ చేతులు.”

అంత పెద్దమనిషి, మీసాలు నెరుస్తున్న మనిషి, తల్లి రెండు చేతులూ తీసుకొని మొహానికి ఆనించుకొని ఏడ్చాడు. నాకూ కళ్లు నిండాయి. అది వాళ్ల సొంత విషయమని తెలిసి కూడా, లేచి బయటికి పోవాలన్న బుద్ధి మాత్రం నాకు పుట్టలేదు. ఎందుకు చెప్పలేదని అతను అడగలేదు. నన్నేం చేయమంటావని మాత్రం అడిగాడు. పిల్ల పెళ్లయ్యేదాకా దాని మీద కత్తెర పడకూడదు అంది ఆమె.

ఇంగ్లీషాయనకు నేనే చెప్పాను. ఆయన టోపీ తీసి తల గోక్కున్నాడు. తమ దేశంలో కూడా తోటలకు దొరసానుల పేర్లే మిగిలాయని, గుచ్చిన చేతులెవరివో తను ఎన్నడూ వెతకలేదని నెమ్మదిగా అన్నాడు. కానీ మనిషి పనిమంతుడు కదా, మరుసటి రోజే వచ్చి, అతిథులు చూసేది కత్తిరించిన కంచెనే, పెళ్లికి ఆకు ధైద్ నుంచి తెప్పించుకోకూడదా అని నాచేత అడిగించాడు. పెద్దమనిషి వద్దన్నాడు. ఓడ మీద వచ్చిన కంచెమొక్కలు మా నర్సరీకి వెళ్లిపోయాయి.

పెళ్లి, అతిథుల రాక ఒకే వారంలో పడ్డాయి. అప్పటికి గోరింట నడుము దాటి, మళ్లీ ఇష్టమొచ్చినట్టు పెరిగి ఉంది. హిన్నా రాత్రికి ముందు, ఆకు నీడన ఆరడానికి సమయం ఉండేలా చూసుకొని, ఖాలా కోయమంది. మామ, మా పనివాళ్లు, వాళ్ల మధ్య కందూరా చేతులు పైకి మడుచుకున్న పెద్దమనిషి. ఆయనకు ఆకు దూయడం రాదు, కొమ్మ విరుస్తుంటే మామ హిందీలో కసురుకున్నాడు. ఆయన నవ్వి, నేర్పమన్నాడు. ఆకంతా దూసేసరికి బాటకు రెండు వైపులా మిగిలింది పుల్లలే. ఇంగ్లీషాయన ఆ పుల్లల వంక చూసి, వెళ్లి గులాబీలకు నీళ్లు పెట్టుకున్నాడు. పెళ్లికూతురి చేతులకు ఖాలాయే పెట్టింది, మోచేతులదాకా. మిగిలినది నా అరచేతుల్లో అద్దింది, వద్దంటున్నా వినలేదు.

అతిథులు వచ్చిన రోజు నేను లోపల ఆమె పక్కన కిటికీ దగ్గర ఉన్నాను. సూట్లు, కందూరాలు, నలుగురైదుగురు తెల్లవాళ్లు. గులాబీలను మెచ్చుకున్నారు, గవ్వల బాటను మెచ్చుకున్నారు. ఆ పుల్లల దగ్గర ఒకావిడ ఆగి, పాపం ఇది ఎండిపోయిందా అని అడిగింది. పెద్దమనిషి ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. అందరూ ఒక్కసారి కిటికీ వైపు చూశారు. ఖాలాకు ఇంగ్లీషు రాదు. నా మోచెయ్యి పట్టుకొని, ఏమన్నాడు అని అడిగింది.

ఇది మా అమ్మ నాటిన కంచె, ఆకంతా నా కూతురి చేతుల మీద ఉంది అన్నాడని చెప్పాను.

ఆమె ముసుగు పక్కకు జరుపుకొని కళ్లు తుడుచుకుంది. సరిగా వినబడలేదు, ఇంకోసారి చెప్పు అంది. మళ్లీ చెప్పాను.